బిక్షమ్మ చెంపల మీది బురద

తెలుగును గొంతు పెంచి మాట్లాడితే అదే హిందీ అయిపోతుందని బిక్షమ్మకు గట్టి నమ్మకం. అందుకే ఆ పొద్దున తన మడిలో దిగిన బీహారు ముఠాను చూసి, ఒడ్డు మీద నిలబడి హుజూర్‌నగర్ దాకా వినబడేలా అరిచింది.

"జల్దీ జల్దీ నాటుండ్రి! రేపు కాలువ బంద్! నీల్లు నై, నాటు నై, మై ఖతం!"

వాళ్లు మొహమొహాలు చూసుకుని, నవ్వుకుని పనిలో పడ్డారు.

నవ్వుతారు, వాళ్లకేం పోయింది? బిక్షమ్మకు మాత్రం ప్రాణం గుప్పిట్లో ఉంది. బుద్ధెరిగినప్పటి నుంచీ పరాయి మళ్లలో కూలికి నడుం వంచి నాట్లేసిన మనిషి, మొదటిసారి రామచంద్రం పొలం కౌలుకు పట్టింది. పొలం ఇస్తూనే ఆయన మూతి విరిచాడు. "కైకిలి చేసుడు వేరు, ఎవుసం చేసుడు వేరు బిక్షమ్మా. నీల్లు బందయ్యేలోపు నాటు పడకపోతే నా పొలం నాకు ఇడిశిపెట్టు" అన్నాడు. ఊళ్లో కూలీలంతా ముందే మాటిచ్చిన మళ్లలో ఉన్నారు. చివరికి ఈ భాష తెలియని ముఠాయే దిక్కయింది.

పనికి మాత్రం వంక పెట్టడానికి లేదు. మధ్యాహ్నం దాటేసరికి సగం పొలం పచ్చబడింది. బిక్షమ్మ సంబరపడిపోతూ తోడికోడలు గోపమ్మను వెంటబెట్టుకుని నీళ్లబిందెతో ఒడ్డెక్కిందో లేదో, తలపాగా చుట్టిన ముఠా పెద్దాయన దోసెడు బురదతో ఎదురొచ్చాడు. బిక్షమ్మ రెండు చెంపలకూ శుభ్రంగా పులిమేశాడు. వెనక వాళ్లంతా ఒకటే చప్పట్లు, కేకలు!

బిందె కింద పడింది. "నీ చేతులిరగ! ఆడిమనిషి మొకానికి బురద పూస్తవా? నడువుండ్రి నా పొలంలకెల్లి!"

ఈసారి హిందీ అక్కర్లేకపోయింది, చూపిన వేలు చాలింది. నవ్వులు ఆగిపోయాయి. ముఠా ఒడ్డెక్కి సంచులు సర్దుకోసాగింది.

గోపమ్మ గుండె బాదుకుంది. "ఓ అక్కా! సగం పొలం గట్లనే ఉన్నది. ఈల్లు పోతే ఇంకెవలొస్తరు? రామచంద్రం నవ్వడా?"

"నవ్వనీ! పొలం కోసం ఇజ్జత్ తీసుకోవాల్నా?" అంది గానీ బిక్షమ్మకు ఏడుపు తన్నుకొచ్చింది.

పెద్దాయన మాత్రం కదల్లేదు. ఏం తప్పు చేశాడో అర్థంకాక బిత్తరపోయాడు. చెవులు పట్టుకున్నాడు. వంగి దండం పెట్టాడు. నాటిన మడిని చూపించి, ఆమెను చూపించి, బిడియంగా చెయ్యి చాపాడు.

ఆ చెయ్యి చూడగానే బిక్షమ్మ కోపం ఎక్కడిదక్కడ ఆగిపోయింది. అది తనకు తెలిసిన చెయ్యే! ఆసామి ఒడ్డు మీదికి రాగానే నారుకట్ట తెచ్చి కాళ్లకు అడ్డం పెట్టి, ఇనాం ఇస్తే గానీ కదలనియ్యమని, నాట్లకు పోయినప్పుడు తామంతా ఇలాగే చెయ్యి చాపేవాళ్లు కాదూ? వీళ్ల దేశంలో నారుకట్టకు బదులు బురద కాబోలు!

గబగబా ఒక నారుకట్ట అందుకుని పెద్దాయన కాళ్ల ముందు పెట్టింది. తనూ చెయ్యి చాపింది. ఆయన కట్టను చూశాడు, చేతిని చూశాడు, ఒక్కసారి పకపకా నవ్వి తల ఊపాడు.

"ఓసినీ! గిది మన రివాజే గదనే గోపమ్మా! ఇనాం అడుగుతుండు!"

"ఇనాం ఆసామినడగాలె గని నిన్నెందుకు..." గోపమ్మ మాట సగంలో ఆగింది.

"నేనే గదనే ఆసామిని!" బిక్షమ్మ చెంప మీది బురదను తడిమి చూసుకుంది. ఊళ్లో ఒక్కరికీ తోచని మాట, మాట తెలియనివాళ్లు మొహాన రాసి మరీ చెప్పారు. ఆనందం పట్టలేక చేతులు రెక్కల్లా ఆడిస్తూ అరిచింది. "ఇయ్యాల నా పుంజును కోస్త! ముర్గా! అందరికి ముర్గా!"

ముఠా కేకలేసుకుంటూ మళ్లీ మడిలో దూకింది. బిక్షమ్మ కూడా చీర ఎగ్గట్టి దిగింది. పొద్దు గూకకముందే పొలమంతా నాటు పడింది.

అప్పుడొచ్చాడు రామచంద్రం, తెల్లచొక్కాతో. పొలమంతా చూసి, బిక్షమ్మ వైపు తిరిగాడు. "మొకం కడుక్కోరాదు, కైకిలిదాని లెక్క గా బురదేంది?"

"కైకిలోల్లకు బురద కాల్లకు, చేతులకే అంటుతది. మొకానికి ఆసామికే పూస్తరు."

ఇంతలో ఆ తెల్లచొక్కాను చూసి ముఠాలో ఒకడు దోసిట్లో బురద ఎత్తుకుని రామచంద్రం వైపు నడిచాడు. బిక్షమ్మ ఒక్క గెంతున అడ్డం పడింది.

"నై నై! గాయన నై! ఆసామి మై!" అని అరిచి, కడగని చెంపనే మళ్లీ ముందుకు చాపింది.