తవుడులో కలిపిన మందు

తొంభై తొమ్మిదిలో తణుకు దగ్గర కాలవ గట్టున దొరబాబు గారు చేపపిల్లల హేచరీ పెట్టారు. పెంచేది తిలాపియా. ఆడచేపలుంటే చెరువంతా పిల్లలతో నిండిపోతుంది, ఏదీ బరువు తూగదు. అందుకని అన్నీ మగవే కావాలి.

మూడేళ్ళ తర్వాత అక్కడ మేత కలిపే పని వీరదుర్గకు దొరికింది. చేపల వేట మీద బతికే ఇంట్లో పుట్టింది, నీచుకి వెరవదు. తవుడు, ఎండుచేప పొడి బేసిన్లో పోసి, స్పిరిట్లో కరిగించిన మందు చల్లి, మోచేతుల దాకా ముంచి కలిపేది. గ్లవ్స్ అడిగితే "వచ్చేవారం తెస్తానమ్మా" అనేవారు దొరబాబు గారు. అలా ఏడు నెలలు గడిచాయి.

ఒకసారి టెక్నీషియన్ సుధాకర్ ఆమెను మైక్రోస్కోపు దగ్గరికి పిలిచాడు. అద్దం కింద వడ్లగింజంత చేపపిల్ల పొట్టలోంచి తీసిన చిన్న ముక్క.

"ఇది ఆడో మగో ఇంకా తేలలేదండి. లోపల మూలకణాలుంటాయి. అవి ఎటు పెరగాలో ఒంట్లో హార్మోను చెబుతుంది. ఆడదిగా పుట్టాల్సిందైనా, మూడు వారాలు మగ హార్మోను కలిపిన మన మేత తింటే ఆ కణాలు మగవైపు తిరిగిపోతాయి."

"మళ్ళీ వెనక్కి రావా?"

"రావండి" అని నవ్వాడు సుధాకర్.

ఆ వారంలోనే మొగుడు దుర్గాసాయి అన్నం తింటూ తలెత్తి చూశాడు. "ఏంటే, గొంతు అలా అయిపోయింది?" జలుబనుకుంది వీరదుర్గ. జలుబు తగ్గలేదు. గడ్డం కింద నల్లటి వెంట్రుకలు మొలిచాయి. పొద్దున్నే తలుపేసుకుని పీక్కునేది.

తనకంటే చాలా ముందు ఆ బేసిన్ దగ్గర పనిచేసిన సంపూర్ణమ్మ సంతలో కనిపించింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మాట్లాడింది. కొంగు వెనక నుంచి వచ్చింది మగగొంతు.

"నాకూ జలుబనే అనుకున్నానే. మానేసి రెండేళ్ళయింది. ఇంతే ఉండిపోయింది."

వీరదుర్గకప్పుడు మూడో నెల వెళ్ళి నాలుగో నెల. మర్నాడు ఖాళీ మందుసీసా కొంగులో చుట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళింది. డాక్టరమ్మ సీసా మీది అక్షరాలు రెండుసార్లు చదివింది.

"ఇది ఎన్నాళ్ళుగా చేత్తో కలుపుతున్నావమ్మా?"

చెప్పింది.

"కడుపులో మగపిల్లాడైతే తేడా పెద్దగా తెలియకపోవచ్చు. ఆడపిల్లైతే..." డాక్టరమ్మ సీసాను దూరంగా జరిపింది. "ఈ రోజు నుంచి దాన్ని ముట్టుకోకు."

వీరదుర్గ అటునుంచి అటే హేచరీకి నడిచింది. దొరబాబు గారు కుర్చీలోంచి లేవలేదు.

"చేపల మందమ్మా అది. మనుషులనేం చేస్తుంది?"

"అయితే ఒక్కసారి మీరు చెయ్యి పెట్టి కలపండి."

ఆయన పేపరు తిప్పుకున్నారు. ఆమె సుధాకర్ వైపు తిరిగింది. "మీకు తెలుసాండీ?"

"చర్మంలోంచి ఇంత ఎక్కుతుందనుకోలేదండి" అన్నాడతను నేల చూస్తూ.

మర్నాడు గట్టు మీద నుంచి చూస్తే బేసిన్ దగ్గర సత్యశ్రీ కూర్చుని ఉంది. పదో తరగతి తప్పిన పిల్ల. చేతులు మోచేతుల దాకా మేతలో ఉన్నాయి. వీరదుర్గ గట్టు దిగి ఆ పిల్ల చెయ్యి పట్టి బోరింగు దగ్గరికి లాక్కెళ్ళింది. సబ్బుతో మూడుసార్లు రుద్ది కడిగింది. పిల్ల గింజుకుంది.

"నా గొంతు విను" అంది వీరదుర్గ. "ఇంకేం చెప్పక్కర్లేదు."

సత్యశ్రీ మళ్ళీ రాలేదు. ఆ తర్వాత ఎక్కణ్ణుంచో ఇద్దరు కొత్త ఆడవాళ్ళను తెచ్చారు. షెడ్డుకు తలుపు పెట్టించారు. ఆ దారిలో వెళ్ళినప్పుడల్లా వీరదుర్గకు లోపల బేసిన్ చప్పుడు వినిపించేది. తలుపు కొడితే ఎవరూ తీసేవారు కాదు.

కార్తీకంలో నొప్పులొచ్చాయి. బిడ్డ గట్టిగానే ఏడ్చింది. నర్సు మాత్రం ఏ బిడ్డో చెప్పలేదు. డాక్టరమ్మ ముఖంకేసి చూసింది. ఇద్దరూ బిడ్డను దీపం దగ్గరికి తీసుకెళ్ళి చాలాసేపు వంగి చూశారు.

"ఏ బిడ్డండీ?" గుమ్మం బయటి నుంచి అడిగాడు దుర్గాసాయి.

"ఇప్పుడే చెప్పలేం" అంది డాక్టరమ్మ. "కాకినాడ తీసుకెళ్ళి పరీక్షలు చేయించాలి. కొన్నాళ్ళు ఎవరికీ ఏమీ చెప్పకండి."

వీరదుర్గ మోచేతుల మీద లేచింది.

"ఊపిరి బాగా తీస్తోందా?"

"తీస్తోందమ్మా."

"అయితే ఇటివ్వండి. ఆకలితో ఏడుస్తోంది."