అరవై నాలుగో వరుస

నా ఒరిజినల్ సర్టిఫికెట్లు మా సార్ గిరిప్రసాద్ బీరువాలో ఉన్నాయని పదిహేను నెలలు నమ్మాను. ఎంసీఏ చదివినదానివి, ఆ మాత్రం తెలివి ఉండక్కర్లేదా అని మీకు అనిపించవచ్చు. నాకూ అనిపించింది, కాకపోతే ఆలస్యంగా.

2004, 2005 ప్రాంతంలో తిరుపతిలో మాలాంటి చిన్న కంపెనీల పద్ధతి అది. చేరే రోజు టెన్త్ మార్కుల లిస్టు నుంచి ఎంసీఏ పట్టా దాకా అసలు కాగితాలన్నీ ప్లాస్టిక్ ఫైల్లో పెట్టి అప్పగించాలి. రెండేళ్లు పనిచేస్తామని బాండు రాసివ్వాలి. గడువు నిండితే కాగితాలు చేతికి వస్తాయి, మధ్యలో మానేస్తే రావు. మా ఆఫీసు ఒక ఫొటో స్టూడియో మేడ మీద ఉండేది. ఐదారు కంప్యూటర్లు, నలుగురం మనుషులం, ఒక బీరువా. లాడ్జీలకూ నగల షాపులకూ కాలేజీలకూ వెబ్‌సైట్లు చేసిపెట్టేవాళ్లం. నేను చంద్రగిరి నుంచి రోజూ బస్సులో వచ్చిపోయేదాన్ని.

2005 ఆగస్టులో చిత్తూరు నుంచి ఉత్తరం వచ్చింది. సర్కారు ఆఫీసులో జూనియర్ అసిస్టెంట్ పోస్టుకి రాసిన పరీక్షలో నా నంబరు ఉంది. సెప్టెంబరు పంతొమ్మిదిన ఒరిజినల్స్ తీసుకుని వెరిఫికేషన్‌కి రావాలి, లేకుంటే పోస్టు నా తర్వాతివాళ్లకి పోతుంది. మా అబ్బాజాన్ జానీ బాషా టైలరు. సర్కారు ఉద్యోగం అన్న మాట మా ఇంట్లో అంతవరకూ పెళ్లి బట్టలు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ల నోటనే విన్నాం. ఆయన ఆ ఉత్తరాన్ని నాలుగుసార్లు చదివించుకున్నాడు.

సార్‌ని కాగితాలు అడిగాను. బీరువా తాళం వాళ్లావిడ దగ్గరుంది, ఆవిడ మదనపల్లెలో పుట్టింట్లో ఉంది అన్నాడు. వారం తర్వాత అడిగితే తాళం వచ్చింది గానీ, ముందు కాలేజీ సైటు పని పూర్తి కానీ అన్నాడు. పని ఎగ్గొట్టేదాన్ని కాదు కాబట్టి సరేనని పనిలో పడ్డాను. నా జబ్బు అదే.

ఆ కాలేజీ పుత్తూరు రోడ్డులో కొత్తగా లేచిన ఇంజనీరింగ్ కాలేజీ. సెప్టెంబరు పదహారో తేదీన కాలేజీకి గుర్తింపు ఇచ్చే తనిఖీ కమిటీ వస్తుంది. ఆలోపు సైటులో అధ్యాపకుల పేజీ సిద్ధంగా ఉండాలి. మొత్తం అరవై నాలుగు మంది. లిస్టు వాళ్లు పంపారు, పేజీ నేను కట్టాలి.

ఇలాంటి పేజీలో అరవై నాలుగు మందినీ ఒక్కొక్కరిగా రాసుకుంటూ కూర్చోం. ఒక్క వరుసకి టెంప్లేట్ రాస్తాం. ఇక్కడ పేరు, ఇక్కడ చదువు, ఇక్కడ చేరిన తేదీ. దాన్ని లూపులో పెడితే, లిస్టులోని మనుషులు ఒక్కొక్కరే అందులోంచి పోతూ పేజీ దానంతటదే నిండుతుంది. లిస్టులో ఎన్ని గడులున్నా టెంప్లేట్ అడిగినవే పైకి కనబడతాయి. సీరియల్ నంబరు కూడా లూపే వేసుకుంటుంది. ఎవరినైనా తీసేస్తే కిందివాళ్లు ఒక్కో మెట్టు పైకి జరుగుతారు, ఖాళీ మిగలదు. నాకు ఈ పనంటే ఇష్టం. అది కూడా చెప్పాలి, లేకుంటే నేనేదో ఏడుస్తూ చేశాననుకుంటారు.

ప్రిన్సిపాల్ పరంధామయ్య గారికి అన్నిటికంటే ముఖ్యమైన విషయం పట్టిక అడుగున లావుపాటి నల్లగీత. ఫోన్లో మూడుసార్లు చెప్పాడు. దానికి లూపులో ఒక ప్రశ్న పెట్టాలి. ఇది లిస్టులో చివరి మనిషేనా అని అడిగి, అవునంటే గీత గీయించాలి. పెట్టాను. పేర్లు ఇంగ్లీషు అక్షరాల వరుసలో సర్దించి, పేజీ తెరిచి, గీత పడిందా లేదా అని అడుగుదాకా జరిపి చూశాను. పడింది. గీతకి పైన నా పేరుంది.

64. యాస్మిన్ ఎస్., ఎం.సి.ఎ., అసిస్టెంట్ ప్రొఫెసర్, చేరిన తేదీ 12-07-2004.

ఇంకో యాస్మిన్ అయ్యుండొచ్చు, మా వాళ్లలో ఆ పేరు వీధికి ఇద్దరికి ఉంటుంది. లిస్టు తెరిచి పేజీకెక్కని గడులు చూశాను. పుట్టిన తేదీ నాది. హాల్ టికెట్ నంబరు నాది. తండ్రి పేరు ఎస్. జానీ బాషా. సార్ నా ఫైలు పుచ్చుకున్న మరుసటి నెలలోనే నేను ఆ కాలేజీలో పాఠాలు చెప్పడం మొదలుపెట్టానన్నమాట. మిగతా ముగ్గురి పేర్లూ ఆ లిస్టులోనే దొరికాయి.

లేచి సార్ టేబుల్ దగ్గరికి వెళ్లాను. సిగ్గుపడతాడేమో అనుకున్నాను. ఆయన టీ గ్లాసు కూడా కింద పెట్టలేదు.

“అందరిదీ అంతేమా. ఆడ ఉండేది ముప్పై ఎనిమిది మందే, కమిటీ వాళ్లకి అరవై నాలుగు కావల్ల. మనోళ్లవి నాలుగు ఇచ్చినా,” అన్నాడు.

“నా కాగితాలు మీ బీరువాలో ఉండాల కదా సార్?”

“యాడుంటే ఏమిమా, భద్రంగా ఉండాయి కదా.”

పదహారో తేదీ దాటేదాకా కాలేజీ వాళ్లు ఏ ఫైలూ బయటికి ఇవ్వరని, అయినా పంతొమ్మిదికి ఇంకా టైముందని సర్దిచెప్పాడు. నాకు ఒళ్లు మండి ఆ సాయంత్రమే లూపులో ఒక షరతు పెట్టాను. పేరు నాదైతే ఆ వరుస వదిలేసి పొమ్మన్నాను. పేజీలో అరవై మూడు మంది మిగిలారు. పైకి ఎవరూ జరగాల్సిన పని కూడా లేదు, చివరిదాన్ని నేనే కాబట్టి. బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది, చాలా రోజుల తర్వాత హాయిగా కూర్చున్నాను.

తెలివి తక్కువ పని చేశాను. పేజీలో నన్ను దాచాను గానీ, లిస్టు లెక్కలో చివరిదాన్ని ఇంకా నేనే. గీత నా వరుస కింద పడాలి, నా వరుసే లేదు, గీతా లేదు. అరవై నాలుగు మందిలో ఒకరు తగ్గితే పరంధామయ్య గారికి తెలిసేది కాదేమో, గీత లేకపోతే మాత్రం పొద్దున్నే తెలిసింది. గీత కోసం అడుగుదాకా పోయి, నంబరు చూసి, ఫోన్ చేశాడు.

సార్ నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. కుర్చీ చూపించి, పేరు మళ్లీ పెట్టు అన్నాడు. పదహారో తేదీన చీర కట్టుకుని కాలేజీకి పోయి ఒక పూట కూర్చుంటే ఆ సాయంత్రమే ఫైలు నా చేతిలో పెట్టిస్తానన్నాడు. లేదంటే చిత్తూరుకి ఉత్త చేతులతో పోవడమే. షరతు తీసేశాను. గీత వచ్చింది.

పదహారున అమ్మ చీర కట్టుకుని పోయాను. స్టాఫ్ రూములో నాలాంటి ప్రొఫెసర్లు ఇరవై మందికి పైగా ఉన్నారు. నా పక్కనాయన పుత్తూరులో సెల్‌ఫోన్ల షాపు నడుపుతాడట, తనది ఏ డిపార్ట్‌మెంటో అరచేతిలో రాసుకుని వచ్చాడు. కమిటీ పెద్దాయన నా ముందు కూర్చుని ఏం చెబుతావమ్మా అని అడిగాడు. వెబ్ పేజీలు అన్నాను. ఆ రోజు అక్కడ పలికిన నిజాల్లో అదొకటి. ఆయన నా ఎంసీఏ పట్టా తీసి, వెనక్కి తిప్పి, రబ్బరు స్టాంపు గుద్ది సంతకం పెట్టాడు. నా కళ్లు మాత్రం ఫైలు మీదే ఉన్నాయి. పదిహేను నెలల తర్వాత కనబడిన నా కాగితాలు. సాయంత్రం అయిదుకి అవి నిజంగానే నా చేతికిచ్చారు, నేను వాటిని బస్సులో ఒళ్లోంచి దించలేదు. అబ్బాజాన్ పట్టా వెనక ముద్ర చూసి, ముద్ర పడిందంటే ఇంకా గట్టి కదా అన్నాడు.

పంతొమ్మిదిన చిత్తూరులో నా కాగితాలు చూసినావిడ పేరు చంద్రకాంతమ్మ. నెమ్మదైన మనిషి. ఒక్కో కాగితం ముందూ వెనకా చూసి, పట్టా వెనక ముద్రలో కాలేజీ పేరు చదివి ఆగింది.

“నువ్వు ఈ కాలేజీలో పనిచేస్తా ఉండావు కదమ్మా. రిలీవింగ్ లెటర్ యాడ?”

పనిచేయడం లేదన్నాను. అయితే ఈ ముద్ర అబద్ధమా అని ఆవిడ మామూలుగానే అడిగింది. అవునంటే పట్టా మీదే అనుమానం వస్తుంది. పైగా మూడు రోజుల కిందట అమ్మ చీర కట్టుకుని ఆ కుర్చీలో కూర్చున్నదెవరు? లెటర్ తెస్తానన్నాను. పది రోజులు గడువిచ్చింది.

మర్నాడు ఆఫీసుకి పోతే నా పక్క సీట్లో కొత్త అమ్మాయి. ఐశ్వర్య, కార్వేటినగరం నుంచి వచ్చింది, ఎంసీఏ. ముందు రోజే ఫైలు అప్పగించిందట. మధ్యాహ్నం క్యారియర్ విప్పుతూ, కాగితాలు పోవు కదక్కా అని అడిగింది. భద్రంగానే ఉంటాయి అన్నాను. సార్ మాట నా నోట్లోంచి అంత సులువుగా ఎలా వచ్చిందో నాకే తెలియదు.

కాలేజీకి పోయి రిలీవింగ్ లెటర్ అడిగాను. మానేయాలంటే మూడు నెలల ముందు చెప్పాలన్నాడు పరంధామయ్య గారు. నేను అక్కడ ఒక్క రోజు కూడా పని చేయలేదన్నాను.

“రిజిస్టర్‌లో చేసినావు,” అని తెరిచి చూపించాడు. పద్నాలుగు నెలలు, రోజూ రెండు పూటలా, నా పేరుకెదురుగా ఎవరిదో గుండ్రటి సంతకం. నా సంతకం కంటే అదే బాగుంది. చేయని ఉద్యోగాన్ని ఎలా మానేయాలో నాకు ఎవరు నేర్పుతారు? అక్కడే కూలబడి ఏడవాలనిపించింది. ఆయన కొంచెం మెత్తబడ్డాడు.

“మీ సార్‌ని ఇంకో ఎంసీఏని చూపీమను. సైట్లో పేరు మారిన రోజే నీకు లెటర్ ఇస్తా.”

సార్‌తో చెప్పాను. చెప్పేటప్పుడే ఏం జరుగుతుందో నాకు తెలుసు. తెలియదనుకుంటే నన్ను నేను మోసం చేసుకున్నట్టే. నాలుగు రోజులు గడిచాయి. గడువు మూడు రోజులుందనగా ఐశ్వర్య ఫైలు తెచ్చి నా టేబుల్ మీద పెట్టి, టీకి కిందికి దిగిపోయాడు.

ఆ అమ్మాయి నాకు బారెడు దూరంలో కూర్చుని ఒక లాడ్జీ సైటుకి గదుల పట్టిక కడుతోంది. ఫైలు ఆమె చేతిలో పెట్టి, తీసుకుని ఇంటికి పో, మళ్లీ ఈ మేడ ఎక్కొద్దు అని చెప్పడానికి ఎంతసేపు? ఆ మాట నాలుక దాకా వచ్చింది. అబ్బాజాన్ ఆ ఉత్తరాన్ని ఇస్త్రీ చేసి మడిచి పెట్టుకున్నాడు. గడువు ఇరవై తొమ్మిదో తేదీతో సరి. నేను చెబితే పోయేది ఆమె కాదు, నేను.

టెంప్లేట్‌లో అక్షరం కూడా మార్చే పని లేదు. అందుకే కదా టెంప్లేట్ రాసేది. లిస్టులో నా గడులు చెరిపి ఆమెవి నింపితే చాలు. పేరు, చదువు, హాల్ టికెట్ నంబరు ఫైల్లోంచి చూసి కొట్టాను. ఒక గడి దగ్గర మార్కుల లిస్టు మీద సిరా చెరిగిపోయి పేరు సరిగా కనబడలేదు.

“ఐశ్వర్యా, మీ నాయన పేరేంది?”

“గంగాధరం. ఎందుకక్కా?”

“ఆఫీసు రికార్డుకి.”

ఆమె తల తిప్పి నవ్వి, మళ్లీ తన పట్టికలో పడింది. నేను సేవ్ చేశాను. అక్షరాల వరుసలో ఆమె పేరు పైకి పోయి రెండో వరుసలో పడింది. ఆమె కిందివాళ్లందరూ ఒక్కో మెట్టు కిందికి జరిగారు. అడుగున నా చోట్లోకి వేరే ఎవరో వచ్చారు, వాళ్ల కింద నల్లగీత పడింది. మొత్తం అరవై నాలుగు. పేజీలో ఎంత వెతికినా తప్పు లేదు.

మర్నాడే కాలేజీ లెటర్ పంపింది. బాండు సంగతి కూడా సార్ ఎత్తలేదు. చిత్తూరు బస్సులో కూర్చుని లెటర్ విప్పాను. కుమారి యాస్మిన్ పద్నాలుగు నెలలు తమ దగ్గర శ్రద్ధగా పాఠాలు చెప్పారని, తోటివారితో ఎప్పుడూ నిజాయితీగా మెలిగారని రాశారు. రెండోసారి చదవలేకపోయాను. పాకాల దాటేదాకా కిటికీ లోంచి బయటికే చూశాను.

చంద్రకాంతమ్మ గారు మాత్రం దాన్ని మొదటి నుంచి చివరిదాకా నిదానంగా చదివారు.

“ఆడ మంచి పేరు తెచ్చుకున్నావమ్మా,” అన్నారు.

నేను తలూపి, ఆవిడ చూపించిన చోట సంతకం పెట్టాను.