బ్రేకు కాలు

పీరా సాబ్ కార్బొరేటరు జెట్టును పెదవుల మధ్య పెట్టుకొని గట్టిగా ఊదాడు. నాలుకకు తగిలిన పెట్రోలును ఉమ్మేసి, జెట్టును ఎండకు ఎత్తి, ఒక కన్ను మూసి చూశాడు. సూదిమొనంత రంధ్రంలోంచి ఆదోని ఆకాశం కనిపించింది. బండి సిద్ధంగానే ఉంది. ఎక్కేవాడే లేడు.

ఆ మోటారు సైకిలు పేరు గజరాజ్. పేరుకు తగ్గ ఒళ్లు, ఒంటికి తగ్గ ఆకలి. షెడ్డు యజమాని ఉచ్చీరప్ప పత్తి వ్యాపారం వదిలి ఆ బండి కంపెనీ ఏజెన్సీ తీసుకున్న కొత్తలో ఆదోని, ఎమ్మిగనూరు పెళ్లికొడుకులు గజరాజ్ ఇస్తే తప్ప పీటల మీద కూర్చునేవారు కాదు. ఆ భోగమంతా పోయింది. కంపెనీలో ఒక నెల సమ్మె, ఇంకో నెల తాళం. చైను కావాలని రాస్తే సైలెన్సరు వచ్చేది. పైగా జపానువాళ్లతో కలిసి చేసిన తేలిక బండ్లు దిగాయి. ఏనుగును మేపే ఓపిక ఇప్పుడు ఎవరికుంది?

పీరా సాబ్‌కు అరవై దగ్గర పడ్డాయి. పొట్టి మనిషి, బండ్ల మీదికి వంగి వంగి వీపు అలాగే ఉండిపోయింది. గోళ్ల సందుల్లో గ్రీజు ఎంత రుద్దినా వదలదు. ఆయన తండ్రి దూదేకేవాడు. దూదేకే వింటినారి మోతలో ఏ తేడా వచ్చినా ఇంటి లోపల్నుంచే పట్టే చెవి కొడుక్కి దక్కింది. అదే ఆయన ఆస్తి.

ఒక్కటే లోటు. ఇన్నేళ్లు బండ్లు బాగుచేసిన పీరా సాబ్‌కు బండి నడపడం రాదు. వయసులో ఉన్నప్పుడు ఒకసారి నేర్చుకోబోయి, తిన్నగా పోయి బొరుగుల అంగట్లో దూరాడు. అప్పటినుంచీ హ్యాండిలు ముట్టలేదు. “ఈత రాని బెస్తవాడు” అని ఊరంతా ఏడిపిస్తే తనూ నవ్వేవాడు. బాగుచేసిన బండిని ఎవరైనా నడపాలి, ఆయన వెనక సీట్లో కూర్చొని, నడుము పట్టుకొని, కళ్లు మూసుకోవాలి. అదీ ఆయన పరీక్ష. తిరిగి వచ్చేసరికి రోగం ఎక్కడుందో చెప్పేవాడు.

ముందు కూర్చునేవాడు ఎప్పుడూ దుర్గప్పే. నూనె మిల్లు హమాలీ కొడుకు, సన్నగా చువ్వలా ఉంటాడు. ఎండాకాలంలో ఏజెన్సీలవాళ్లు ఎమ్మిగనూరు బయట, నందవరం దారిలో ఉన్న బీడు నేలలో పెట్టే పందేల్లో ఆదోని తరఫున గజరాజ్ మీద ఎన్నో ఏళ్లు వాడే గెలిచాడు. వాడి నడుము పట్టుకొని తిరిగిన పీరా సాబ్‌కు, వాడు ఏ మలుపులో ఎప్పుడు కాలు కదుపుతాడో వాడికంటే ముందే తెలుస్తుంది. సొంత బిడ్డ ఒక్కతే. గూడూరులో కాపురం. కానీ దుర్గప్ప గొంతు వినకపోతే ఆ పూట అన్నం సయించేది కాదు.

అలాంటి దుర్గప్ప పోయిన ఆదివారం ఎమ్మిగనూరు ఏజెన్సీవాళ్ల జపాను బండి మీద వచ్చి షెడ్డు ముందు తలవంచుకొని నిలబడ్డాడు.

“వాళ్ల పక్క పోతాండా మామా. ఈడ బండికి సామాన్లే రావు. ఎన్నాళ్లని కూర్చునేది?”

పీరా సాబ్‌కు కోపం రాలేదు. దుఃఖం వచ్చింది. దాన్ని మింగి, “ఏదీ, తిప్పు సూద్దాం” అంటూ వెనక ఎక్కి, అలవాటుగా కళ్లు మూసుకున్నాడు. రైల్వే గేటు పడుతోంది. దుర్గప్ప ఎడమ కాలు ధబీమని తొక్కింది. బండి ఆగలేదు, కీచుమంది. కళ్లు తెరిచేసరికి గేటు కొయ్య ముఖం మీదికి వస్తోంది. చేతి బ్రేకు దొరికించుకొని దుర్గప్ప ఎలాగో ఆపాడు. గజరాజ్‌కు బ్రేకు ఎడమ కాలికి, గేరు కుడి కాలికి. కొత్త బండికి అదంతా తారుమారు. బుద్ధి జట్టు మారింది గానీ కాలు మారలేదు.

ఆ రోజు నుంచీ పీరా సాబ్‌కు నిద్ర సరిగా లేదు. రేసులో గుంపు మధ్య దుమ్ములో హఠాత్తుగా ఆపాల్సి వస్తే, వాడి ఎడమ కాలు మళ్లీ తొక్కుతుంది. అక్కడ ఒక్క గేటు కాదు, వెనక పది బండ్లుంటాయి. ఆ రేసు ఈవేళే.

పొద్దున ఆయన మొహర్రంలో పీర్ల మకాం నుంచి తెచ్చుకున్న ఎర్రతాడును డబ్బాలోంచి తీస్తుంటే భార్య లాలాబీ చూసింది. ఎవరికని అడిగింది. చెప్పాడు.

“పీర్ల తాడు కాలికి కడతావా? కండ్లు పోతాయప్పా! సెయ్యికి కట్టు.”

“సెయ్యి మర్సిపోలేదు కదే. మర్సిపోయేది కాలు.”

ఆమె తాడు లాక్కొని డబ్బాలో పెట్టి మూత బిగించింది. తర్వాత, “వాణ్ణి జాగ్రత్తగా ఉండమను” అంది. ఆమెకూ వాడంటే ప్రాణమే.

జెట్టును దాని చోట బిగించి పీరా సాబ్ చేతులు తుడుచుకున్నాడు. ఉచ్చీరప్ప గల్లా దగ్గర కూర్చొని విసనకర్రతో విసురుకుంటున్నాడు.

“ఎమ్మిగనూరులో పనుంది, పోయొస్తానప్పా.”

“ఏం పని? ఆ దుర్గప్ప పేరు ఈడ ఎత్తొద్దని సెప్పినా కదా.”

“నేనెత్తలేదు. నువ్వే ఎత్తితివి.”

ఉచ్చీరప్ప విసనకర్ర ఆపాడు. కోపంగా ఉండాలని చాలా ప్రయత్నం చేశాడు గానీ కుదరలేదు. “పో, పో. వాడు పడకుండా సూసుకో. ఎవరి బండెక్కినా మన పిల్లోడే” అని ముఖం తిప్పుకున్నాడు.

ఎమ్మిగనూరులో బస్సు దిగి పీరా సాబ్ మగ్గాల వీధిలోకి నడిచాడు. ఒక గడపలో సిద్దమ్మ అనే నేతగత్తె నూలు చుడుతోంది. కాలికి కట్టడానికి నాలుగు ఎర్ర పోగులు కావాలని అడిగాడు.

“దిష్టికైతే నల్లది కదప్పా కట్టాల్సింది?”

“దిష్టికి కాదమ్మా, బ్రేకుకు.”

ఆమెకు ఏమీ అర్థం కాలేదు. అయినా పోగులు పేని, ముడి వేసి ఇచ్చింది. ఊరి బయటి బీడు దాకా నడుస్తుంటే ఎండ నెత్తిన కాలింది. దారిలో ఒక బండమీద కూర్చొని ఎదురొమ్ము రుద్దుకున్నాడు. పొద్దున సద్ద రొట్టె అరగలేదనుకొని లేచాడు.

ఎమ్మిగనూరు జట్టువాళ్లు ఆయన్ను చూడగానే ముఖాలు ముడుచుకున్నారు. “ఆదోని మేస్త్రీకి మా బండి కాడ ఏం పని?” అన్నాడొకడు.

“ఆయప్ప బండి కోసరం రాలేదులే” అన్నాడు దుర్గప్ప. “నా కోసరం వచ్చినాడు.”

పీరా సాబ్ మట్టిలో మోకాళ్ల మీద కూర్చొని దుర్గప్ప కుడి చీలమండకు తాడు బిగించి కట్టాడు.

“మామా, నొస్తాంది.”

“నొయ్యాలనే కట్టినా. ఆపాలనుకున్నప్పుడల్లా యాడ నొస్తాందో ఆ కాలు తొక్కు. కండ్లతో సూసేకి టైముండదు.”

“నువ్వూ ఈ పక్కకే రాకూడదా మామా?”

“నేనొస్తే ఆ ఏనుగును ఎవరు కడుగుతార్రా?” అని నవ్వి, వాడి మోకాలు మీద చెయ్యి ఆనించి లేచాడు.

జెండా ఊగింది. బండ్లన్నీ ఒక్కసారిగా అరిచాయి. పీరా సాబ్ పెద్ద మలుపు దగ్గర ముళ్లకంచె పక్కన నిలబడి, వెనక సీట్లో కూర్చున్నట్టే కళ్లు మూసుకున్నాడు. ఆ గోలలో దుర్గప్ప బండి గొంతు ఒక్కటే పట్టుకున్నాడు. మలుపు దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గింది. కుడి కాలు. మళ్లీ వచ్చింది, మళ్లీ తగ్గింది. కుడి కాలే. పీరా సాబ్ వేళ్లు గాలిలో లేని నడుమును పట్టుకొని ఉన్నాయి.

చివరి చుట్టులో జనం ఒక్కసారి “అయ్యో” అన్నారు. ముందు పోతున్న బండి జారి అడ్డంగా పడింది. పీరా సాబ్ కళ్లు తెరవలేదు, తెరిచే ధైర్యం లేదు. ఎడమ కాలు తొక్కితే ఇంజను కీచుమనాలి. చెవులు దానికోసమే భయంగా ఎదురుచూశాయి.

కీచుమనలేదు. టైరు మట్టిని రాచుకున్న బరబర, ఆ తర్వాత తగ్గిన గొంతు, మళ్లీ మెల్లగా లేచిన గొంతు. కళ్లు తెరిస్తే దుర్గప్ప పడినవాణ్ణి చుట్టి ముందుకు పోతున్నాడు. ఆ ఆలస్యంలో ఇంకొకడు దాటిపోయాడు. పీరా సాబ్ కంచె కొయ్యను పట్టుకొని చంటిపిల్లాడిలా ఏడ్చాడు.

మొదటి బహుమతి గోడ గడియారం. రెండోది స్టీలు బిందె. దుర్గప్ప దాన్ని తెచ్చి ఆయన చేతుల్లో పెట్టాడు.

“అత్తకు ఇయ్యి మామా. బ్రేకు ఎక్కువ పట్టినానని వీళ్లు తిడతాండారు.”

“తిట్టనీ. తిట్టించుకునేకి నువ్వుండావు కదా, అది సాలు.”

“తాడు ఇప్పేద్దునా?”

“కాలు నేర్సుకునే దాకా ఉండనీ.”

సాయంత్రం బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. బిందెను ఒళ్లో పెట్టుకొని రెండు చేతులూ చుట్టూ వేశాడు. పక్కన కూర్చున్న హులిగమ్మ అనే కూలీ ఆమె దాన్ని మెచ్చుకోలుగా చూసింది.

“బిందె యాడ కొంటివప్పా?”

“కొనలేదమ్మా. మావోడు గెల్సినాడు.”

“కొడుకా?”

పీరా సాబ్ బిందె అంచును వేలితో తుడిచాడు. “కాదమ్మా. నా ముందర కూర్సునేటోడు” అన్నాడు.

తర్వాత అలవాటుగా కళ్లు మూసుకున్నాడు. బస్సు గుంతల్లో పడి లేస్తూ పోయింది. హులిగమ్మ కునికింది, లేచింది, మళ్లీ కునికింది. ఆదోని బస్టాండులో అందరూ దిగాక కండక్టరు వచ్చి, “పెద్దాయనా, ఆదోని వచ్చింది, దిగు” అని భుజం తట్టాడు. ఇంకోసారి తట్టాడు. ఆ తర్వాత తన టోపీ తీసేశాడు.

బిందెను తీసుకోవడానికి ఆయన చేతులను మెల్లగా విడదీయాల్సి వచ్చింది.

చీకటి పడ్డాక దుర్గప్ప ఆ కాలి తాడుతోనే వచ్చి పీరా సాబ్ ఇంటి గుమ్మంలో కూలబడ్డాడు. ఉచ్చీరప్ప వాడి పక్కనే నేలమీద కూర్చున్నాడు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. కండక్టరు ఎవరి చేతనో పంపిన బిందెను లాలాబీ ఒళ్లోకి తీసుకుంది. కొత్త సామాను ఏది ఇంటికొచ్చినా చేసినట్టే, అరచేతితో దాని చుట్టూ నిదానంగా తడిమి చూసింది. ఎమ్మిగనూరు దారి గుంతలన్నీ దాటి వచ్చిన ఆ బిందెకు ఎక్కడా ఒక్క సొట్ట లేదు.