మూటలో సూది

మా వదినకు సూది గుచ్చుకున్నప్పుడు నేను పక్కనే ఉన్నాను. విన్నది చెప్పడం లేదు, చూసింది చెబుతున్నాను. మీలో కొందరు మిల్లుల్లో పనిచేస్తున్నారు, కొందరు కాలేజీల్లో చదువుకుంటున్నారు. పొదుపు, సంస్కరణ, ఖజానా మీద భారం తగ్గించడం అనే మాటలు మీ చెవిన రోజూ పడుతూనే ఉంటాయి. ఆ మాటలు మా షెడ్డులోకి ఎలా వచ్చాయో వినండి.

పెద్దాసుపత్రి వెనక, శవాల గదికీ ప్రహరీ గోడకీ మధ్య, రేకుల కప్పు కింద ఉండేది మా లాండ్రీ. ఒక మూల బాయిలరు, దాని పక్కన ఉతికే యంత్రాలు, అవతల ఇస్త్రీ రోలర్లు. నాది రోలరు దగ్గర పని. వదిన గుమ్మం పక్క బల్ల మీద మూటలు విప్పేది. వార్డుల నుంచి వచ్చే దుప్పట్లు, గౌన్లు, ఆపరేషను గుడ్డలు ఆ మూటల్లో ఉంటాయి. నెత్తురు మరకలున్నవి ఒక తొట్టిలో, లేనివి ఇంకో తొట్టిలో వెయ్యాలి. లోపల ఏముందో తెలియాలంటే చెయ్యి పెట్టక తప్పదు.

ఆ ఉదయం వదిన మూటలో చెయ్యి పెట్టి వెంటనే లాక్కుంది. అరవలేదు. బొటనవేలి మొదట్లో కండలోకి ఇంజక్షను సూది దిగి, అలాగే నిలబడి ఉంది. సూది వెనక గొట్టంలో ఎవరిదో నెత్తురు.

మా పని చూసే మేస్త్రీ వచ్చి చూశాడు. సబ్బుతో కడుక్కోమన్నాడు, మూటలు పేరుకుపోతున్నాయన్నాడు. నేను అతని మాట వినకుండా వదినను చెయ్యి పట్టుకుని అత్యవసర విభాగానికి తీసుకెళ్ళాను. దూరమేమీ కాదు, మధ్యలో వాకిలి దాటాలి, అంతే. కిటికీ వెనక కూర్చున్నతను మేం ఎవరి మనుషులమని అడిగాడు. లాండ్రీ అని చెప్పాను.

"లాండ్రీ ఇప్పుడు ఆసుపత్రిది కాదమ్మా. మీ కంట్రాక్టరునే అడగండి," అన్నాడు, తలెత్తకుండానే.

అతని వెనక మంచం మీద ఒక ముసలాయన పడుకుని ఉన్నాడు. ఆయన కింద దుప్పటి ముందురోజు మేం ఉతికిందే. దుప్పటికి లోపల చోటుంది, దాన్ని ఉతికిన చేతికి లేదు.

ఇది ఎలా వచ్చిందంటే, అంతకు ముందు ఏడాది ప్రభుత్వం ఒక విధానం ప్రకటించింది. ఆసుపత్రి పని రోగిని చూడడమేనట. ఉతకడం, ఊడవడం, వండడం బయటివాళ్ళకిస్తే ఖర్చు తగ్గుతుందట. పేపర్లు మెచ్చుకున్నాయి. నిజం చెప్పాలంటే మేమూ పెద్దగా పట్టించుకోలేదు. అదే షెడ్డు, అదే యంత్రాలు, అవే మూటలు. గుమ్మం మీద బోర్డు మారింది, జీతం తగ్గింది, అంతే అనుకున్నాం. బాయిలరు నడిపే ఆవిరి మావయ్య ఒక్కడే ఆసుపత్రి ఉద్యోగిగా మిగిలాడు, లైసెన్సున్న మనిషి వేరే దొరక్క.

వదిన తర్వాత సూదులు ఆగలేదు. ఒకరికి వేలు, ఒకరికి అరచెయ్యి. వార్డు ఆయాలు కావాలనే సూదులు పెడుతున్నారని మేస్త్రీ ఒకరోజు మాటల్లో మాటగా అన్నాడు. దుప్పట్లు తక్కువగా తిరిగి వెళ్తున్నాయని వాళ్ళకి మన మీద కసి అట. ఆ మాట మాకు చాలింది. ఆయాలు తోపుడుబండి తోసుకుంటూ వస్తే మొహాలు తిప్పుకోవడం మొదలుపెట్టాం. వాళ్ళూ మమ్మల్ని చూస్తే బండి గుమ్మంలో వదిలేసి వెళ్ళిపోయేవాళ్ళు.

మాలో ఒకావిడ ఉండేది. అందరూ ఆమెను అనుమానం పిన్ని అనేవాళ్ళం. తలనొప్పికి మాత్ర ఇస్తే వెనకా ముందూ తిప్పి చూసేది. ఎవరైనా నవ్వుతూ పలకరిస్తే, వాళ్ళు వెళ్ళాక ఎందుకు నవ్వారంటావ్ అని మమ్మల్ని అడిగేది. ఆయాల మీద మొట్టమొదట మండిపడిందీ ఆమే.

గొడవ బట్టలారేసే పెరట్లో జరిగింది. పెద్ద ఆయా బండి తెచ్చి నిలబెట్టగానే పిన్ని ఆమె దారికి అడ్డం నిలబడింది. మేమంతా చుట్టూ చేరాం. వార్డుల్లోంచి ఇంకొందరు ఆయాలు వచ్చారు. తడి దుప్పట్ల మధ్య ఒకళ్ళనొకళ్ళు నానా మాటలూ అనుకున్నాం. దొంగలు అని వాళ్ళన్నారు, హంతకులు అని మేమన్నాం. ఎవరో ఎవరి జుట్టో పట్టుకున్నారు. తాడు తెగి దుప్పట్లు మట్టిలో పడ్డాయి.

అప్పుడు మా వదిన మధ్యలోకి వచ్చింది. అప్పటికే ఆమెకు ఒంట్లో బాగుండడం లేదు. అన్నం సయించేది కాదు, కళ్ళు పచ్చబడుతున్నాయి. పెద్ద ఆయా ఎదురుగా నిలబడి చెయ్యి చూపించింది.

"నేను నీకేం చేశానక్కా?" అని అడిగింది.

పెద్ద ఆయా ఆ చెయ్యి చూసింది, తర్వాత ఆ కళ్ళు చూసింది. పట్టుకున్న జుట్టు వదిలెయ్యమని తన వాళ్ళకు చెప్పింది. అక్కడే తిరగేసిన బకెట్టు మీద కూలబడింది.

"ఇదివరకు వార్డుకి ముగ్గురం ఉండేవాళ్ళం. దులిపి, విడదీసి కట్టేవాళ్ళం," అంది. "ఇప్పుడు మూడు వార్డులకీ నేనొక్కదాన్ని. సూదులు పడేసే డబ్బాలు కూడా రావడం మానేశాయి. నర్సమ్మ సూది ట్రేలో పెట్టి పక్క మంచానికి పరిగెడుతుంది. అది పక్కబట్టల్లో పడుతుంది. నేను పక్క చుట్టి కట్టేస్తాను. చూసే టైమెక్కడిది? నాకూ రెండుసార్లు దిగింది. ఎవరికి చెప్పుకోను?"

పిన్ని ఆమెను పైనుంచి కిందికి చూస్తూనే ఉంది.

"మేం దుప్పట్లు దొంగిలిస్తున్నామని నీకెవరు చెప్పారు?" అని అడిగింది చివరికి.

"మీ మేస్త్రీయే."

పిన్ని మా వైపు తిరిగింది. కొత్త దుప్పట్లు కొనడం మానేశారు, పాతవి యంత్రంలో చిరుగుతున్నాయి, తగ్గక ఏమవుతాయి అంది. నిన్నటిదాకా ఈ ప్రశ్న మనకెందుకు తట్టలేదని తనను తానే తిట్టుకుంది. పడిపోయిన దుప్పట్లు ఆ రోజు ఆయాలూ మేమూ కలిసి మళ్ళీ పిండాం.

ఆ నెలలోనే వదిన మంచం పట్టింది. నెత్తురు ద్వారా సోకే జబ్బు కాలేయానికి పాకిందని డాక్టరు చెప్పాడు. కంట్రాక్టరు ఆమెను పనిలోంచి తీసేశాడు. కారణం ఏం చెప్పాడో తెలుసా? అంటురోగం ఉన్న మనిషిని ఆసుపత్రి బట్టలు ముట్టనివ్వకూడదట. రోగం ఆ బట్టలే ఇచ్చాయి కదా అని మా అన్నయ్య అడిగితే, ఇంట్లోంచి తెచ్చుకోలేదని రుజువేమిటన్నాడు. అన్నయ్య బయటికి వచ్చి రోడ్డు మీద నిలబడి ఏడ్చాడు. ప్రభుత్వం తగ్గించానని చెప్పుకున్న ఖర్చు ఎక్కడికీ పోలేదు. మా వదిన ఒంట్లో చేరింది.

మధ్యాహ్నం విరామంలో బాయిలరు గదిలో కూర్చుని మాట్లాడుకోవడం మొదలుపెట్టాం. ఆయాలూ వచ్చేవాళ్ళు. పని ఆపెయ్యాలని కొందరు, ఆపితే రోగులు మురికి పక్కల మీద పడుంటారని కొందరు. రెండోరోజే కంట్రాక్టరుకు అంతా తెలిసిపోయింది. ఎవరెవరు ఏమన్నారో మాటకు మాట అప్పజెప్పాడు. గట్టిగా మాట్లాడిన ఇద్దర్ని పనిలోంచి పంపేశాడు.

అప్పటినుంచి ఒకరినొకరు నమ్మడం మానేశాం. మా మాటలు కంట్రాక్టరుకు ఆవిరి మావయ్యే మోశాడని కొందరన్నారు, ఆయనొక్కడి ఉద్యోగమే నిలిచింది కాబట్టి. అన్నం తినేటప్పుడు కూడా విడివిడిగా కూర్చునేవాళ్ళం. నేను మా తోటి రోలరు మనిషిని చూసి, ఈమె కొత్త చెప్పులు ఎక్కడివని లెక్కలు వేసుకున్నాను. ఆమె నన్ను చూసి ఏం లెక్కలు వేసుకుందో.

మోసిందెవరో మాకు ఇప్పటికీ తెలియదు. దారి చూపించింది మాత్రం అనుమానం పిన్ని. ఒక మధ్యాహ్నం అందర్నీ బాయిలరు గదికి రమ్మంది. మావయ్యనూ కూర్చోమంది. ఆయన మొహం మాడ్చుకుని, నన్నెందుకు, నేనే మాటలు మోశానంటున్నారుగా అన్నాడు.

"నాకు నీ మీద అనుమానమే," అంది పిన్ని. "దీని మీదా అనుమానమే, దాని మీదా అనుమానమే. నా బుద్ధే అంత. కానీ దాచుకుంటేనే కదా, మోసేవాడికి పని. మనం చెయ్యబోయేది మనమే మేస్త్రీకి చెప్పేద్దాం. ఇంకేం మోస్తాడు?"

ముందు నవ్వొచ్చింది. తర్వాత ఆ మాటలోని బలం తెలిసింది. చాలాసేపు వాదించుకున్నాక ఒక నిర్ణయానికి వచ్చాం. విడదీసి, దులిపి ఇచ్చిన బట్టలు ఎన్నయినా ఉతుకుతాం. మూట కట్టి పంపింది ముట్టుకోం. రోగుల పక్కలు ఆగకూడదు కాబట్టి, తమ చేతనైనంత దులిపి ఇస్తామని ఆయాలు ఒప్పుకున్నారు. మిగిలిన మూటలు గుమ్మంలోనే ఉంటాయి. రాజధాని నుంచి పెద్దాఫీసరు వస్తున్నాడని, మా ఆసుపత్రిని పొదుపుకు ఆదర్శంగా చూపించబోతున్నారని అప్పటికే చెప్పుకుంటున్నారు. ఆయన ముందే ఆ మూటలు పెడదామన్నాం.

పిన్ని వెళ్ళి మేస్త్రీకి అంతా చెప్పింది. ఒక్క ముక్క దాచలేదు. పాపం, అతనికి ఏం చెయ్యాలో పాలుపోలేదు. ఇందులో ఇంకేదో మెలిక ఉందని కంట్రాక్టరు అనుకున్నాడు. అసలు సంగతి వేరే ఉందని, దీన్ని పైకి చెబుతున్నారని, బాయిలరు పేల్చేస్తారేమోనని భయపడి అక్కడ కాపలా పెట్టించాడు. మూటల దగ్గర ఎవర్నీ పెట్టలేదు.

ఆఫీసరు వచ్చిన రోజు గోడలకు సున్నం వాసన. వెంట విలేకరులు, సూపరింటెండెంటు, కంట్రాక్టరు. షెడ్డు గుమ్మంలో మూటల గుట్ట, దాని ముందు మేము. ఒక స్టూలు మీద వదిన కూర్చుంది. రావద్దంటే వినలేదు. మా వెనక ఆయాలు, వాళ్ళ వెనక రోగుల చుట్టాలు కొందరు. ఆవిరి మావయ్య వచ్చి పిన్ని పక్కన నిలబడ్డాడు. ఆమె కొంచెం జరిగి చోటిచ్చింది.

ఆఫీసరు మర్యాదస్తుడు. సమస్య ఏమిటని మెల్లగా అడిగాడు. చెప్పాం. కంట్రాక్టరు అడ్డుపడి, అందరికీ చేతి తొడుగులు ఇస్తున్నామని, వీళ్ళే వేసుకోవడం లేదని అన్నాడు. పిన్ని ఒక జత తీసి ఆఫీసరుకు అందించింది. హోటల్లో వడ్డించేవాళ్ళు వేసుకునే పల్చటి తొడుగులవి.

"ఇవి వేసుకోండి బాబూ," అంది. "ఆ పైనున్న మూట విప్పి, లోపల చెయ్యి పెట్టండి. మీరు పెడితే మేమూ పెడతాం."

విలేకరులు ముందుకు జరిగారు. ఆఫీసరు తొడుగుల వైపు చూశాడు, మూట వైపు చూశాడు. చేతులు మాత్రం వెనక్కి కట్టుకున్నాడు. ఇది సరైన పద్ధతి కాదని, అర్జీ ఇవ్వాలని అన్నాడు. మా వదిన కూర్చున్న చోటు నుంచే మాట్లాడింది. ఆమె గొంతు చిన్నది, అయినా అందరికీ వినపడింది.

"నన్ను మాత్రం ఎవరూ అర్జీ అడగలేదయ్యా. చెయ్యి పెట్టమన్నారు, పెట్టాను."

ఆయన కారు వైపు నడిచాడు. ఆయన వెళ్ళడం చూసి వెనక నుంచి ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. మెచ్చుకోలు చప్పట్లు కావవి. రోగుల చుట్టాలు, ఆయాలు, మేము అందరం అందుకున్నాం. మేడ మీద వార్డు కిటికీల్లోంచి కూడా వినిపించాయి. కారు గేటు దాటేదాకా ఆపలేదు.

మధ్యాహ్నానికి పోలీసులు వచ్చారు. అత్యవసర సేవలకు ఆటంకం కలిగించామట. వదినను ముట్టుకోవడానికి వాళ్ళకీ భయమేసింది, వదిలేశారు. మిగతా లాండ్రీ వాళ్ళందర్నీ వ్యాను ఎక్కించారు. మావయ్య బాయిలరు చల్లార్చి, వాల్వులన్నీ చూసుకుని, తనే వచ్చి వ్యాను ఎక్కాడు. వ్యాను కదులుతుంటే జాలీలోంచి చూశాను. గేటు లోపలికి ఒక లారీ వస్తోంది. దాని నిండా ఆడవాళ్ళు, మాకు తెలియని మొహాలు. మా బదులు తెచ్చిన మనుషులు. కూలి దొరికిందని సంబరంగా ఉన్నారు. లారీ షెడ్డు వైపు తిరిగేదాకా జాలీ పట్టుకునే ఉన్నాను.

స్టేషన్లో ఒక పొడుగాటి గదిలో నేల మీద కూర్చోబెట్టారు. ఎండ తగ్గేవేళకు బయట ఇంకో వ్యాను ఆగింది. తలుపు తీసి కొందరు ఆడవాళ్ళను లోపలికి తోశారు. లారీలో చూసిన మొహాలే. వాళ్ళ వెనకే పెద్ద ఆయా, చీర చిరిగి ఉంది.

పిన్ని లేచి నిలబడింది. అందులో ముందున్న బక్కపల్చటి మనిషిని పైనుంచి కిందికి చూసింది.

"ఎవరు పంపారు మిమ్మల్ని ఇక్కడికి?" అని అడిగింది.

"పోలీసులే పంపారు," అందామె. "ఆ మూటల్లో ఏముందో ఈ పెద్దమ్మ చెప్పింది. ఒక దుప్పటి కొస పట్టుకుని దులిపి చూపించింది. సూదులు రాలాయి. మేం చేతులు పెట్టం అన్నాం. ఎంత కొట్టినా పెట్టం అనే అన్నాం."

పిన్ని ఇంకాసేపు ఆమె మొహంలోకి చూసింది. తర్వాత గోడ వైపు జరిగి, తన పక్కన నేల మీద చేత్తో తట్టింది.

"కూర్చోండి," అంది. "రేపు వీళ్ళు ఇంకో లారీ తెస్తారు. వాళ్ళకి ఎవరు చెప్పాలో ఇప్పుడే అనుకుందాం."