మామగారి తల మీద

"బూడిదను తొక్కకూడదు." పెళ్ళై ఈ ఇంటికి వచ్చిన మర్నాడు మా అత్తగారు నాకు నేర్పిన మొదటి సంగతి అది. బూడిద తొక్కితే ఇంటి సిరిని తొక్కినట్టేనట. అందుకని రోజూ అందరికంటే ముందు లేచి, పొయ్యి నోట్లో చెయ్యి పెట్టి, చల్లారిన బూడిద బకెట్టులోకి ఎత్తి, గొర్రెల దొడ్డి వెనక ఎవరూ నడవని మూలలో పోసి వస్తాను. ఆ మూలకు ఉన్న గౌరవం ఈ ఇంట్లో నాకు లేదు. నా పేరు జిల్దిజ్ అని వీళ్ళకి గుర్తుందో లేదో కూడా తెలియదు. కెలిన్ అంటారు, అంటే కోడలు. కెలిన్, టీ. కెలిన్, కట్టెలు.

మా నారిన్ కొండల్లో ఏడాదిలో సగం చలికాలమే. ఇల్లంతటికీ ఒకటే పొయ్యి. వంట దాని మీదే, వెచ్చదనం దాని నుంచే, దాని మురికంతా నా గోళ్ళలోనే. మసి గోకుతాను, బూడిద రాలే ఇనుప జల్లెడ దులుపుతాను, పగిలిన చోట మట్టీ పేడా కలిపి మెత్తుతాను. కప్పు దాటి పైకి పోయిన గొట్టం మాత్రం మగవాళ్ళ పని. కోడలు కప్పెక్కకూడదు. కింద మామగారు కూర్చుని ఉంటారు కదా, ఆయన తల మీద నడిచినట్టవుతుంది. కొత్తలో ఒకసారి పెరుగు ఉండలు ఎండబెడదామని నిచ్చెన ఎక్కితే, నన్ను దింపి ఆయన ముందు వంగి క్షమించమని అడిగించారు. ఆయన టీ తాగుతూ తలూపారు.

ఈ ఏడు మా ఆయన మిర్లాన్ ఏటి గట్టున కొట్టిన పచ్చి కట్టెలు తెచ్చి పడేశాడు. పచ్చి కట్టె మండదు, ఏడుస్తుంది. దాని జిగురంతా గొట్టం లోపల పట్టేసి, పొయ్యి తలుపు తీస్తే చాలు, పొగ నా మొహాన కొడుతోంది. గొట్టం పూడుకుపోయింది, ఒక్కసారి ఎక్కి దులపండి అంటే, "ఆదివారం చూద్దాంలే" అంటాడు. ఒక ఆదివారం గుర్రాల ఆట, ఇంకో ఆదివారం ఎవరింట్లోనో విందు. "రాజేయడం చేతకాని వాళ్ళకి గొట్టం మీద ఏడుపు" అని నవ్వాడు కూడా. పొయ్యి నాదీ, గొట్టం ఆయనదీ. ఈ పంపకం పొగకి తెలియదు.

దానికి తోడు అత్తగారి రేకు. గొట్టం మెడలో ఒక ఇనుప రేకు ఉంటుంది. నిప్పులన్నీ చల్లారాక దాన్ని లోపలికి తోస్తే దారి మూసుకుని వేడి ఇంట్లో నిలుస్తుంది. ఆవిడ మాత్రం నిప్పుల మీద నీలి మంట ఇంకా ఆడుతుండగానే తోసేస్తుంది. అప్పుడు కంటికి కనపడని నిప్పుల విషం కూడా బయటికి పోయే దారిలేక ఇంట్లోనే నిలుస్తుంది. "కాసేపు ఆగండి అపా" అంటే, "వేడంతా కొండలకి పంపుతావా? మీ నాన్నేమైనా బండెడు కట్టెలు పంపాడా?" అంటుంది. అపా అంటే అమ్మ. అలాగే పిలవాలి మరి.

పోయిన చలికాలం మిర్లాన్ పిన్ని కోడలు బూరుల్, చంటిపిల్లతో సహా నిద్రలోనే పోయింది. మొగుడు రష్యాలో కూలికి వెళ్ళి ఉన్నాడు. గుండె ఆగిందన్నారు, రాతన్నారు. పరామర్శకి వచ్చినవాళ్ళకి టీ కాచే పని నాకు పడింది. అప్పటిదాకా ఆ పొయ్యిని ఎవరూ ముట్టలేదు. రాజేయగానే పొగ వెనక్కి తన్నింది. చూస్తే రేకు ఇంకా మూసే ఉంది. అత్తగారి చెవిలో చెప్పాను. "నోరు ముయ్యి. చచ్చినోళ్ళ ఇంటి పొయ్యికి వంకలు పెడతారా? ఆ పిల్ల మొదట్నించీ బద్ధకమే, బూడిద ఎత్తిన పాపాన పోలేదు" అంది. బూరుల్ చేతులు నేను చూశాను. అచ్చం నా చేతుల్లాగే ఉండేవి. ఆ మాటకు వచ్చిన కోపం నాలో ఇప్పటికీ చల్లారలేదు.

నిన్న పొద్దున నా కూతురు మేరిమ్ లేపితే లేవలేదు. భుజాలు పట్టి ఊపగా ఊపగా కళ్ళు తెరిచి, దుప్పటి మీదే కక్కుకుని, "అమ్మా, తల పగిలిపోతోంది" అంది. నాకూ కళ్ళు తిరుగుతున్నాయి. కిటికీ తెరిచి పిల్లని మంచులోకి ఎత్తుకుపోయాను. వెనకనుంచి అత్తగారు, "రాత్రి మీగడ పీకలదాకా తింది, అరక్క కక్కింది. ముందా కిటికీ ముయ్యి" అంటోంది. తన తలకీ గుడ్డ బిగించి కట్టుకుంది, అది మాత్రం వయసట. మిర్లాన్ గుర్రానికి జీను వేస్తున్నాడు. వాడిపోయిన పిల్లని చూపించాను. "చెప్పానుగా, ఆదివారం" అన్నాడు.

పిల్లని పక్కింట్లో పడుకోబెట్టి వచ్చాను. నిప్పులన్నీ ఎత్తి బయట పోశాను. పెద్ద రాయిని తాడుకు కట్టి, దాని చుట్టూ ముళ్ళకంప బిగించి, నిచ్చెన ఎక్కాను. రాయిని గొట్టంలోకి వదిలి, లాగి, మళ్ళీ వదిలితే, తారులాంటి మసి పెళ్ళలు పెళ్ళలుగా లోపలికి రాలింది. ఆ చప్పుడుకి అత్తగారు వాకిట్లోకి వచ్చింది.

"దిగవే కిందికి. లోపల మామగారున్నారు. ఆయన తల మీద నిలబడ్డావు."

"అయితే ఆయన్ని బయటికి రమ్మనండి" అన్నాను.

గోడ అవతల ఎవరో కిసుక్కున నవ్వారు. కాసేపటికి మామగారు నిజంగానే వచ్చారు, చేతిలో టీ గిన్నెతో. పైకి చూసి, దగ్గి, గొర్రెల వైపు వెళ్ళిపోయారు. ఇన్నేళ్ళూ నేను వంగింది ఈ పెద్దాయన తల కోసమేనా అనిపించింది.

దిగి వచ్చి, పడ్డ మసంతా ఎత్తి, గొట్టం మెడలోంచి ఆ రేకును ఊడబీకాను. రేకు తీసిన సందుని మట్టితో మెత్తేసి, పక్కింటినుంచి పిల్లని తెచ్చుకున్నాను.

చీకటి పడే వేళకి మిర్లాన్ వచ్చాడు. ఊళ్ళోనే ఎవరో చెప్పేసి ఉంటారు. "మా నాన్న పరువు తీశావు" అన్నాడు. పొయ్యిలో మంట గణగణా మండుతోంది, ఇంట్లో చారెడు పొగ లేదు. అది గమనించాడో లేదో, రొట్టె తిని గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అత్తగారు అలవాటుగా గొట్టం మీదికి చెయ్యి చాపింది. తడిమింది. తడి మట్టి వేళ్ళకి అంటుకుంది.

"రేకేదే?"

"బూడిద మూలలో పాతేశాను అపా. కావాలంటే తొక్కి వెతుక్కోండి."

ఆవిడ వేళ్ళకంటిన మట్టిని గుడ్డకి తుడుచుకుంది. తొక్కదని నాకు తెలుసు.

"తెల్లారేసరికి చలికి చస్తాం" అంది.

మేరిమ్‌ని నా పక్కలోకి లాక్కుని దుప్పటి కప్పాను.

"చలేస్తే లేస్తాం, అపా" అన్నాను.