ముప్పై రెండు జీబీలు

మొదలుపెట్టినప్పుడు నా చేతిలో ఉన్నవి ఇవి: ఎవరో ఆఫీసు ఎత్తేస్తూ వదిలించుకున్న పాత కంప్యూటర్ ఒకటి, అందులో ముప్పై రెండు జీబీల మెమరీ, మెట్ల కింద చీపుర్ల పక్కన రెండడుగుల జాగా, దుకాణం మధ్యాహ్నం మూసి మళ్లీ తెరిచేలోపు నలభై నిమిషాలు, నలభై రెండేళ్ల వయసు. ఈ చివరిదాన్ని లాభంలో రాయాలో నష్టంలో రాయాలో అప్పటికి తేల్చుకోలేదు.

కంప్యూటర్‌ని బేరమాడే తెచ్చాను. పాత సామాన్లు కొనే అతనికి నా కుట్టు మిషను ఇచ్చి దీన్ని తీసుకున్నాను. అతను సగం మెమరీతోనే ఇస్తానన్నాడు. "మిషనుకి మోటారు కొత్తది. రేపే అమ్ముడుపోతుంది నీకు. ఈ డబ్బా ఆర్నెల్ల నుంచి నీ దగ్గర దుమ్ము తింటోంది. మిగతా మెమరీ కూడా వేస్తావా, మిషను బండిలోంచి దించకుండా వెళ్లిపోనా?" అన్నాను. గొణుక్కుంటూ వేశాడు. బేరంలో నన్ను ఓడించినవాళ్లు తక్కువ. పన్నెండేళ్లుగా మా రంగుల దుకాణం కౌంటర్‌లో ఉన్నదాన్ని. డబ్బా ఊపి చూసి లోపల రంగు గడ్డకట్టిందో లేదో చెప్పగలను. గోడ ఫొటో చూపిస్తే ఎన్ని చుక్కల నలుపు కలిపితే ఆ బూడిద రంగు వస్తుందో చెప్పగలను. అయినా కొనేవాళ్లు నేను కలిపిన రంగు చూసి "సార్ లేరా?" అంటారు. మా ఆయన లోపలి నుంచి వచ్చి, డబ్బాలోకి చూడకుండానే "కరెక్టే" అంటారు. అప్పుడు తీసుకెళ్తారు.

కౌంటర్‌కి ముందు ఆరేళ్లు ఒక కంపెనీలో సర్వర్లు చూశాను. పాప పుట్టినప్పుడు "ఓ ఏడాది ఆగు" అన్నారు. ఏడాది అయ్యాక "ఇంట్లో ఊరికే ఉంటే బుర్ర తుప్పు పడుతుంది, కాసేపు కౌంటర్‌లో కూర్చో" అన్నారు. ఆ కాసేపటికి పన్నెండేళ్లు. ఈ ఏడాది పదహారు చోట్లకి ఉద్యోగం కోసం రాశాను. పదహారింటి నుంచీ జవాబు లేదు. పదిహేడోది గ్రంథాలయాల సర్వర్లు నడిపే చిన్న కంపెనీ. అక్కడి ఆవిడ ఫోన్ చేసి నాన్చకుండా చెప్పింది.

"పన్నెండేళ్ల గ్యాప్ ఉందండి మీకు. కాగితం చూసి తీసుకోలేం. ఇంట్లోనే ఒక సర్వర్ పెట్టండి. అందులో మూడు వర్చువల్ మెషీన్లు. ఏడు రోజులు ఒక్కసారి కూడా ఆగకూడదు. మేం ఇక్కడి నుంచి చూస్తుంటాం."

వర్చువల్ మెషీన్ అంటే పెద్ద మాయేమీ కాదు. ఒకే కంప్యూటర్‌ని లోపల వాటాలు వేసి, ఒక్కో వాటాని ఒక్కో కంప్యూటర్‌లా నడపడం. ప్రతి వాటాదారూ మొత్తం తనదే అనుకుంటాడు. పక్కన ఇంకొకడున్నాడని కూడా వాడికి తెలియదు. మూడు చిన్న మెషీన్లకి ఆరు జీబీలు చాలు. నా దగ్గర ముప్పై రెండు ఉన్నాయి. లెక్క ప్రకారం నేను కలిగినదాన్ని.

కానీ ఆ డబ్బా ఇంట్లోకి వచ్చిన రోజే పంచాయితీ మొదలైంది.

"కుట్టు మిషనైతే ఇంటికి పనికొచ్చేది. ఇప్పుడు దిండు గలీబులు ఎవరు కుడతారు? ఇది కుడుతుందా?" అన్నారు అత్తగారు.

"కరెంటు ఎంత తింటుందో?" అన్నారు ఆయన. దుకాణంలో రోజంతా వెలిగే ఇరవై దీపాల గురించి ఆయన ఎప్పుడూ అడగరు.

"అది బుయ్యిమంటోందమ్మా, నాకు చదువు ఎక్కదు" అంది మా అమ్మాయి, టీవీ చూస్తూ.

నేను పోట్లాడలేదు. వ్యాపారస్తురాలిని కదా, పోట్లాట కంటే వాటా చవక అనుకున్నాను. ఒక్కొక్కరి నోరూ ఒక్కో వాటాతో మూయించాను. దుకాణం బిల్లింగ్ కంప్యూటర్ మూడు నెలలుగా మూలుగుతోంది. దాన్ని నా సర్వర్‌లోకి ఎక్కిస్తానన్నాను, పన్నెండు జీబీలు. "అలా చెప్పు మరి, ఎలాగూ ఖాళీగానే పడుంటుంది కదా" అన్నారు ఆయన. అమ్మాయి స్నేహితులతో కలిసి ఆడుకునే ఆటకి ఆరు. అత్తగారి పాత ఫొటోలూ పాటలూ అన్నీ ఒక్కచోట దొరికేలా నాలుగు. గేటు బయట చెప్పులు మాయమవుతున్నాయని ఆవిడ ఏడాదిగా అనుమానిస్తున్నారు. గేటు మీద కెమెరా పెట్టి, ఆవిడ మంచం మీద నుంచే ఫోన్‌లో చూసుకునేలా చేస్తానన్నాను, ఇంకో నాలుగు. మొత్తం ఇరవై ఆరు. పరీక్షకి నా మూడు మెషీన్లూ కలిపి ఆరు. ముప్పై రెండుకి ముప్పై రెండు. దుకాణం బిల్లు పుస్తకం వెనక అట్ట మీద వేసుకున్నాను ఈ లెక్క. ఒక్క చుక్క వృథా కాలేదు. అంత చక్కగా తెగిన లెక్క చూసి ఆ మధ్యాహ్నం నాకు గర్వంగా కూడా అనిపించింది, ఇప్పుడు చెప్పుకుంటే సిగ్గేస్తుంది.

పరీక్ష మొదలైన దగ్గర్నుంచి నేను ఊపిరి కూడా లెక్కపెట్టుకుని పీల్చాను. మొదటి రోజు, రెండో రోజు, మూడో రోజు. రంగు కలుపుతూ ఫోన్ చూశాను, గిన్నెలు తోముతూ తడి వేలితో చూశాను, స్నానాల గదిలో కుళాయి తిప్పి చూశాను. నా మూడు మెషీన్లూ నడుస్తున్నాయని చెప్పే మూడు ఆకుపచ్చ చుక్కలు. అవి వెలుగుతున్నంతసేపూ నేనూ ఒక మనిషినే. ఇది పోతే పద్దెనిమిదో ఉత్తరం రాసే శక్తి లేదని నాకు తెలుసు. శక్తి అంటే చెయ్యి నొప్పి కాదు. నేను ఏం చేయగలనో ఇంకొకరికి చెప్పేటప్పుడు ముందు నేను నమ్మాలి కదా, ఆ నమ్మకం సీసా అడుగున నాలుగు చుక్కలు మిగిలింది. గ్రంథాలయాల కంపెనీ వాళ్లు కాదంటే, ఇక రోజూ ఉదయం తొమ్మిదికి షట్టర్ ఎత్తడం, "సార్ లేరా?" అనిపించుకోవడం, మోకాళ్లు అరిగేదాకా అదే. అత్తగారు ఒకసారి అన్నారు: "నీకేం తక్కువమ్మా, సొంత దుకాణం." ఆ దుకాణం బోర్డు మీద ఆయన పేరుంది, ఆయన తండ్రి పేరుంది. పన్నెండేళ్లలో ఆ బోర్డుకి నాలుగుసార్లు రంగు వేయించాను. నా పేరు రాయించాలని ఎవరికీ తోచలేదు. నిజం చెప్పాలంటే నాకూ తోచలేదు.

ఐదో రోజు సెలవు దినం. గోడలకి రంగులు వేయించుకునేవాళ్లందరికీ సెలవు రోజే గుర్తొస్తుంది. దుకాణం కిటకిటలాడుతోంది. ఆయన ఆ రోజే స్టాకంతా కంప్యూటర్‌లో సరిచూడడం పెట్టుకున్నారు. ఇంటి దగ్గర అమ్మాయి తొమ్మిదిమంది స్నేహితుల్ని ఆటలోకి పిలిచింది. అత్తగారు చెప్పుల దొంగ కోసం వారం రోజుల రికార్డింగు వెనక్కి తిప్పి చూస్తున్నారు. అందరూ ఒకేసారి తమ వాటా పూర్తిగా వాడుకోవడం అదే మొదలు. మధ్యాహ్నం పన్నెండు దాటాక బిల్లింగ్ బిగుసుకుపోయింది.

"ఏమైంది దీనికి?" అన్నారు ఆయన. కౌంటర్ ముందు ఆరుగురు నిలబడి ఉన్నారు.

"మెమరీ చాలట్లేదండి. ఒక్క ఐదు నిమిషాలు..."

"ఐదు నిమిషాలా? జనం కనపడట్లేదా నీకు? నీ డబ్బాని నమ్మి ఎక్కించాను చూడు, నాది బుద్ధి తక్కువ."

వరసలో ఉన్న ఒక పెద్దమనిషి నవ్వాడు. "ఆడవాళ్లకి కంప్యూటర్ అప్పగిస్తే అంతేనండి" అన్నాడు. ఆయన కూడా నవ్వారు. ఆ నవ్వు నామీద కోపం తగ్గించుకోవడానికని నాకు తెలుసు, అయినా నవ్వారు.

ఫోన్‌లో సర్వర్ పేజీ తెరిచాను. అది తెరుచుకోవడానికే నిమిషం పైన పట్టింది. ఏదో ఒకటి ఆపితే మిగతావి తేరుకుంటాయి. వరసగా పేర్లు కనపడుతున్నాయి: దుకాణం, ఆట, ఫొటోలు, గేటు, కింద నా మూడూ. ఆట ఆపితే ఒక పిల్ల అలుగుతుంది. గేటు ఆపితే ఒక పెద్దావిడ సణుగుతుంది. అంతే. అంతకు మించి ఏమీ జరగదు. నా వేలు ఆ రెంటి దగ్గరా ఆగలేదు. తిన్నగా కిందికి పోయింది. నా మొదటి మెషీన్ ఆపాను, రెండోది ఆపాను, మూడోది ఆపాను. ఎవరూ ఆపమనలేదు. అవి అందులో ఉన్నాయని కూడా ఆయనకి తెలియదు. బిల్లింగ్ కదిలింది. "ఆ, వచ్చింది వచ్చింది" అన్నారు ఆయన. నేను వరసలో ముందున్న అతనికి రసీదు చింపి ఇచ్చాను. "లేత నీలం నాలుగు డబ్బాలు, సరిచూసుకోండి" అన్నాను. నా గొంతు మామూలుగానే ఉంది. దానికే నాకు భయమేసింది.

మర్నాడు మధ్యాహ్నం ఆవిడ ఫోన్ చేసింది. మెట్ల కింద చీపుర్ల మధ్య కూర్చుని మాట్లాడాను.

"కరెంటు పోయిందా అండి?"

"లేదండి."

"మరి ఆగిపోలేదు, ఎవరో ఆపారు. మూడూ వరసగా."

"నేనేనండి."

"మీ ప్లాన్ పంపండి, ఏ మెషీన్‌కి ఎంత ఇచ్చారో" అంది. బిల్లు పుస్తకం అట్ట ఫొటో తీసి పంపాను. చూస్తున్నట్టుంది, ఊపిరి వినపడుతోంది.

"ఇందులో అసలు మెషీన్ ఎక్కడుందండి?"

"అంటే?"

"వీళ్లందరినీ మోసేది. హోస్ట్. దానికి మీరేం ఉంచారు? దానికీ కొంత మెమరీ కావాలి కదా, ఊపిరాడాలి కదా. ముప్పై రెండుకి ముప్పై రెండూ పంచేశారు."

ఇది మొదటి పాఠం. ఆరేళ్లు ఇదే పని చేశాను. కొత్తగా చేరినవాళ్లకి "ముందు హోస్ట్‌కి తీసి పక్కన పెట్టు, తర్వాతే పంపకం" అని నేనే చెప్పేదాన్ని. మర్చిపోయాననడానికి లేదు, ఎవరైనా అడిగితే నిద్రలో కూడా చెబుతాను. విషయం తెలిసి ఉండీ చెయ్యి వేరేలా రాసింది. పన్నెండేళ్లుగా అందరికీ పెట్టి గిన్నె అడుగు గీకడం అలవాటైన చెయ్యి అది. ఈసారి అడుగు కూడా మిగల్చలేదు.

"తెలుసండి నాకు" అన్నాను. "తెలిసే..."

"నాకు అర్థమైందండి" అంది ఆవిడ, కొంచెం మెత్తగా. వెంటనే గొంతు మార్చుకుంది. "కానీ నేను పాస్ అని రాయలేను. ఆర్నెల్ల తర్వాత మళ్లీ పెట్టుకోవచ్చు. పెట్టుకుంటారా?"

"ఆలోచించుకుని చెప్పండి" అని ఆవిడ ఫోన్ పెట్టేసింది. మెట్ల మీద ఎవరో దిగుతుంటే నా తల మీద నుంచే నడుస్తున్నట్టు ఉంది. ఏడవాలనిపించింది కానీ నలభై నిమిషాల్లో ఇరవై ఎనిమిది అయిపోయాయి. కళ్లు కడుక్కోవడానికి ఐదు పోతే మిగిలేవి ఏడు. ఏడుపుకి చాలవు. ఆ ఏడు నిమిషాల్లో బిల్లు పుస్తకం తీసి కొత్త లెక్క వేశాను. మొదటి వరసలో హోస్ట్, నాలుగు. రెండో వరసలో నా మూడూ, ఆరు. మూడో వరసలో చెయ్యి దానంతట అదే "ఆట" అని రాయబోయింది. అక్కడ పెన్సిల్ పట్టి ఆపాల్సి వచ్చింది. బలంగా పట్టాను, ముల్లు విరిగింది.

భోజనాల దగ్గర చెప్పాను. "ఆదివారంలోపు ఎవరివి వాళ్లు తీసేసుకోండి. సోమవారం నుంచి ఆ కంప్యూటర్‌లో నావి తప్ప ఏవీ ఉండవు."

"బిల్లింగ్ ఎక్కడ పెట్టుకోవాలి మరి?" అన్నారు ఆయన, చెయ్యి పళ్లెంలో ఆపి.

"నాకు తెలీదండి." తెలుసు. మూడు మార్గాలు తెలుసు.

"చూశావా అమ్మా, ఇదీ వరస" అన్నారు ఆయన.

"నేను ముందే అన్నాను, కుట్టు మిషను అమ్మినప్పుడే అనుకున్నాను" అన్నారు అత్తగారు.

"నాది కూడానా అమ్మా?" అంది పాప. దాని కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నీది కూడా" అన్నాను.

సోమవారం నాలుగూ తీసేశాను. చివరి లెక్క ఇది. ఉద్యోగం రాలేదు. ఆర్నెల్ల గడువు మిగిలింది. ముప్పై రెండులో పది వాడుకలో ఉన్నాయి, ఇరవై రెండు ఖాళీ. ఇంట్లో ముగ్గురు మనుషులు నాతో మాట్లాడడం లేదు. అంత జాగా నాకు ఇంతకు ముందు ఏ బేరంలోనూ దొరకలేదు.