మూడో తీగ మట్టం

మోచెయ్యేనంటుంది ఆ పిల్ల, తప్పంతా మోచేతిదేనట, అయి ఉండొచ్చు, యాభై దాటిన మోచెయ్యి, ఇన్నేళ్లూ కెమెరా ముందు చేతులు కట్టుకుని నిలబడటం తప్ప మరో పని ఎరగని మోచెయ్యి, పంచాయతీ సీన్లో వెనక వరుస ముసలాయన, హీరో కాళ్ల మీద పడే రైతు, శవం పక్కన తువ్వాలు నోట్లో కుక్కుకునే తండ్రి, ఆ వేషాల్లో దేనికీ మోచేతిని మూడో తీగ మీంచి రెండో తీగ మీదికి మార్చాల్సిన పని పడలేదు, ఇప్పుడు పడింది, వయొలిన్ మాస్టారి వేషం, సినిమా అంతా తన మీదే నడవాలి, అని నర్సింహ అనుకుంటూ ఉండగానే కమాను మళ్లీ రెండు తీగల మీదా పడింది, ఒక్కటి పలకాల్సిన చోట రెండూ కలిసి అరిచాయి, సోఫాలోంచి శ్రీనిధి, చూశారా సార్, మళ్లీ దించేశారు, అంది, కోప్పడదు, అదే కష్టం, ఈ పిల్ల కోప్పడితే బాగుండేది, యూసుఫ్‌గూడ నుంచి వానలో స్కూటీ మీద ఈ జూబ్లీహిల్స్ గుట్టెక్కి రోజూ వస్తుంది, రికార్డింగులకు వాయించే పిల్ల, తడిసిన జడ పిండుకుంటూ అదే మాట చెబుతుంది, తీగ తీగకీ ఒక మట్టం ఉంటుంది సార్, మోచెయ్యి ముందు వెళ్లి అక్కడ కూర్చోవాలి, కమాను దాని వెనకాల రావాలి, మీరేమో కమానుని ముందు తోసేసి చేతిని తర్వాత లాక్కొస్తున్నారు, బస్సు కదిలాక ఎక్కినట్టు, అని నవ్వుతుంది, తనూ నవ్వుతాడు, నవ్వాక చెయ్యి వంక చూసుకుంటాడు.

మొదటి వారం ఇలా లేదు, అదే అర్థం కాదు, మొదటి రోజున గడ్డం కింద పెట్టుకున్న పెట్టె మీద ఏ తీగ ఎక్కడుందో కనపడక చీకట్లో మెట్లు వెతుక్కున్నట్టు వెతుక్కుంటుంటే శ్రీనిధి వచ్చి తనను ఈ కిటికీ వైపు తిప్పింది, కిటికీ అంటే సినిమా కంపెనీ ఇచ్చిన ఈ గెస్ట్‌హౌస్ పైగదికి నేలదాకా అద్దమే, అద్దంలోంచి కింద తోట, తోట చివర ప్రహరీ, ప్రహరీ నెత్తిన ఈ కొస నుంచి ఆ కొసకు తెల్ల సున్నం పట్టీ, అదిగో సార్ ఆ తెల్ల గీత చూడండి, కమాను దానికి సమానంగా ఉందంటే మీరు మూడో తీగ మీద ఉన్నట్టు, చెయ్యి కాస్త దిగితే రెండోది, కాస్త లేస్తే నాలుగోది, అంతే, ఇంకేం ఆలోచించకండి, అంది, అతను ఇంకేం ఆలోచించలేదు, గీతను చూశాడు, కమానును దానికి కలిపాడు, తీగ తేనెలా పలికింది, మీరు చిన్నప్పుడే మొదలుపెట్టాల్సిందండీ అని ఆ పిల్ల చప్పట్లు కొట్టింది, ఆ రాత్రి తను నిద్రలో కూడా తెల్ల గీతనే చూశాడు, తర్వాత వానలు పట్టాయి, వానలతో పాటే చెయ్యి చెడటం మొదలైంది, రోజుకింత, నిన్నటి కన్నా ఇవాళ ఎక్కువ, గీతకు కలిపే ఉంచుతాడు, అయినా రెండో తీగ వచ్చి తగులుతుంది, చెయ్యి దిగుతోంది అంటుంది శ్రీనిధి, దిగుతోందా, తనకు తెలియకుండానే దిగుతోందా, ఊళ్లో పెద్దనాయనకు ఇట్లాగే మొదలైంది, ముద్ద నోటిదాకా రాకముందే చెయ్యి జారేది, నేనెత్తే ఉంచినరా అనేవాడు, తొడ మీద అన్నం పడి ఉండేది, ఆ చలికాలం దాటలేదు పెద్దనాయన, నర్సింహ కమాను దించి వేళ్లు ముడిచి తెరిచాడు, బాగానే ఉన్నాయి, బాగానే ఉన్నట్టు కనపడుతున్నాయి, పెద్దనాయన వేళ్లూ అలాగే కనపడేవి.

కింద ఏ చప్పుడూ లేదు, ఆదివారం, ప్రహరీకి అవతల ప్లాటులో బండ పగలగొట్టే మిషను ఇవాళ ఆగింది, నెల రోజులుగా సెల్లారు కోసమని గుట్టను లోతుగా తవ్వుతున్నారు, ఈ తోట మట్టినంతా ఆపుతున్నది ఈ గోడే, మట్టిలో ఇంకిన నీళ్లు పోవడానికి అడుగున పైపులు పెట్టిన గోడ, గోడ మొదట్లో, ఆ గుంతలో, కూలోళ్ల రేకుల గుడిసెలు, ఇక్కడ్నుంచి కనపడవు, నీలం పట్టా కొస ఒకటి, వంట పొగ, అంతే, పొద్దున గేటు దగ్గర రాజమ్మ కనపడింది, ఆ గుడిసెల్లో ఉండే పాలమూరు మనిషి, చంకలో చంటిపిల్ల బుజ్జి, రెండో చేతిలో బిందె, వాచ్‌మన్ చూడకుండా ఇక్కడి నల్లా నీళ్లు పట్టుకుపోతుంది, సారూ గా పిల్లి ఒర్లుడు ఎన్నొద్దులు సారూ, మా బుజ్జి పంటలేదు, అంది, రేపు షూటింగు రాజమ్మా, దాంతోని అయిపోతది, అన్నాడు, అయిపోతే మంచిదే గని నాకు గూడ అలవాటైంది, గది ఇనబడకుంటే తోస్తలేదు, అని నవ్వింది, తన దిక్కు మాటలాగే ఉంటుంది ఆమె మాట, వింటుంటే ఆకలేస్తుంది, వానకు తిప్పలైతుందా అని అడిగాడు, లే సారూ, మొన్నటిదాంక గోడ పైపులకెల్లి నీళ్లు కారి గుడిసె అంత బురద, ఇప్పుడు బందయినయ్, గింత వానల గూడ సుక్క వస్తలేదు, దేవుడు సల్లగ సూసిండు, అంది, మంచిదే అన్నాడు తను, బుజ్జి తన వేలు పట్టుకుని లాగింది, మంచిదే అన్నాడు గానీ మెట్లెక్కుతూ ఉంటే ఆ మాట చెప్పులో గింజలా గుచ్చింది, ఇంత వాన, తోటంతా చిత్తడి, కాలు పెడితే మడమదాకా దిగుతోంది, మరి ఆ నీళ్లు ఎటు పోతున్నట్టు.

సార్ టీ తాగుతారా, శ్రీనిధి, వద్దమ్మా, రేపు పొద్దున ఫిల్మ్‌నగర్‌లో సెట్టు, డైరెక్టర్ అరవింద్ నిన్న ఫోన్లో నవ్వుతూనే అన్నాడు, నర్సింహ గారూ మీ మొహం నాకు నూటికి నూరు, చెయ్యి మీదే డౌటు, ఎల్లుండికి కుదరకపోతే వేరేవాళ్ల చెయ్యి పెట్టేద్దాం, ఏమనుకోకండి, ఏమనుకుంటాడు, తప్పు తనదైనప్పుడు ఏమనుకుంటాడు, తప్పు తనదే అనుకోవడం చిన్నప్పుడే నేర్పారు, ఊళ్లో బావి పూడిక తీస్తున్నప్పుడు, బడి నుంచి వస్తూ గట్టు దగ్గర ఆగాడు, లోపల మేనమామ తట్టలకు మట్టి ఎత్తుతున్నాడు, గట్టు మీద గిలక గుంజ ఒక పక్కకు ఒరిగినట్టు కనపడింది, గుంజ వంగింది అన్నాడు, పక్కనున్న పెద్దమనిషి నెత్తిన ఒక్కటి పెట్టి, గుంజ సక్కగనే ఉంది, నువ్వే వంకర నిలబడ్డవ్, సక్క నిలబడు, అన్నాడు, అందరూ నవ్వారు, లోపల్నుంచి మామ కూడా నవ్వాడు, బావిలోంచి వచ్చే నవ్వు గుండ్రంగా ఉంటుంది, తను రెండు కాళ్లూ దగ్గర పెట్టి చక్కగా నిలబడ్డాడు, మెడ కూడా సర్దుకున్నాడు, అప్పటికీ గుంజ వంకరగానే ఉంది, అయినా ఇప్పుడు సక్కగుంది అన్నాడు, పొద్దుగూకేలోపు ఆ దరి మొత్తం జారింది, గుంజకు ఆరేసిన మామ తువ్వాలు ఒక్కటే పైన మిగిలింది, ఎందుకు గుర్తొచ్చింది ఇప్పుడు ఇది, తువ్వాలుకు ఎర్రంచు, తడి మట్టి వాసన, ఈ తోట వాసన, సార్, సార్, ఎక్కడున్నారు, కమాను ఎత్తండి.

ఎత్తాడు, గీతకు కలిపాడు, రెండు తీగలూ అరిచాయి, శ్రీనిధి లేచి వచ్చి పక్కన నిలబడింది, ఒక పని చేద్దామండీ, ఆ గోడ వద్దు, ఏదీ చూడొద్దు, కళ్లు మూసుకోండి, మొదటి వారం ఎలా వచ్చిందో చేతినే అడగండి, అంది, మూసుకున్నాడు, చీకటి, అద్దం మీద చినుకులు, మోచెయ్యి తనంతట తనే కాస్త పైకి లేచింది, లేచి ఒక చోట కూర్చుంది, ఇంటి మనిషి తన పీట మీద కూర్చున్నట్టు, కమాను వెనకాల వచ్చింది, మూడో తీగ ఒక్కటే పలికింది, శుభ్రంగా, రెండో తీగకు మారాడు, శుభ్రంగా, మళ్లీ మూడు, మళ్లీ రెండు, మధ్యలో ఒక్క జీర లేదు, అబ్బ, అదీ సార్, వచ్చేసిందండీ, ఆపకండి, అంటోంది శ్రీనిధి, ఆపలేదు, మూడో తీగ మీద పొడుగ్గా లాగుతూ కళ్లు తెరిచాడు, నాదం చెడలేదు, చెయ్యి కదల్లేదు, కమాను చక్కగా ఉంది, దాని వెనక తెల్ల పట్టీ మాత్రం దానితో లేదు, ఎడమ కొసన కలిసి ఉంది, కుడివైపు పోయేకొద్దీ విడిపోయి, జారి, నీలం పట్టా ఉన్న చోటికి వచ్చేసరికి బెత్తెడు కిందికి పోయింది, చెయ్యి దించితే కలుస్తుంది, కలిస్తే తీగ అరుస్తుంది, ఇన్ని రోజులూ అరిచింది అందుకే, గీతను నమ్మి గీత వెంబడి దిగాడు, రోజుకింత, ఎంత దిగిందో అంతా, ఆ పిల్ల చూసింది తన మోచేతినే, తను చూసుకున్నదీ తన మోచేతినే, నువ్వే వంకర నిలబడ్డవ్, లేదు, చక్కగానే నిలబడ్డాను, అప్పుడూ చక్కగానే నిలబడ్డాను, ఏమైంది సార్, ఎక్కడికండీ, శ్రీనిధి కేక వెనకబడింది, మెట్లు, తోట, గేటు, వాన, చేతిలో వయొలిన్ అలాగే ఉంది, తడుస్తోంది, పక్క ప్లాటు రేకుల గేటు తోసి గుంత అంచున నిలబడ్డాడు, కింద నీలం పట్టా చాటున పొయ్యి ఊదుతూ రాజమ్మ తలెత్తింది, ఏంది సారూ, ఇయ్యాల పాట వానల పెట్టినవా, అని నవ్వింది, లోపల బుజ్జి నిద్రపోతోంది కాబోలు, గోడ వాళ్ల నెత్తి మీద నల్లగా, పైపుల్లోంచి ఒక్క చుక్క కార్చకుండా ఉబ్బి నిలబడి ఉంది, సినిమాల్లో ఎన్నడూ లేవని గొంతు, మేనమామను పిలవని గొంతు, ఈసారి ఎవరినీ అడక్కుండా లేచింది, నా చెయ్యి మంచిగనే ఉంది రాజమ్మా, దిగింది గోడ, గోడ దిగుతున్నది, పిల్లనెత్తుకొని ఉరుకు.